శుభలేఖలోని సన్నగీత

గత మాఘమాసమున మా అన్నగారి కుమార్తె వివాహము జరిగినది. పెండ్లిపనులను నలుగురమును పంచుకొనగా శుభలేఖ యచ్చొత్తించు పని మా వంతునకు వచ్చినది. విజయవాడలో నొక యచ్చుకూటమునకు బోయితిమి. అచ్చటి యువకుడు కంప్యూటరు తెరపై పలురకముల యక్షరములను వరుసగా జూపెను. వానిలో నొకటి మా మనస్సును హరించినది. అందు ప్రతి యక్షరమునను గీత యొకప్రక్క నిండుగా, నునుపుగా, ఏనుగుదంతమువలె నుండి, మరల వంపు తిరుగునప్పటికి వెండ్రుకవలె సన్నగిల్లిపోవుచుండెను. తెరపై నొక్కొక యక్షరము అరచేయంత గనబడుచుండగా మేము వేరొకదాని వంక చూడనే లేదు. మీగడవన్నె కాగితముపై బంగారు రేకుతో నచ్చొత్తుడని చెప్పి, బయానా యిచ్చి వచ్చితిమి.

నాలుగు దినములలో శుభలేఖలు వచ్చినవి. మొదటి ప్రతికి పసుపుకుంకుమ లద్ది దేవునియొద్ద నుంచి, రెండవ ప్రతిని మా అమ్మమ్మగారి చేతి కిచ్చితిమి. ఆమెకు ఎనుబదియారేండ్లు. బడి మొగ మెరుగదు. తండ్రిగారియొద్ద నింటనే యక్షరములు నేర్చి, నేటికిని కంటద్దములు పెట్టుకొని ప్రతిదినమును భాగవతము చదువుకొనును. పళ్ళెములో బియ్యము పోసి, మా వ్రేలు పట్టి, అ ఆ లు దిద్దించినది యామెయే. అట్టి యామె శుభలేఖను కిటికీవైపు త్రిప్పి, దూరముగా బట్టి, దగ్గరగా బట్టి, "ఇదేమిటే అమ్మాయీ, 'వదువు' అని వేశారు? ధకి ఒత్తేదీ?" అని యడిగినది. మేమును పరికించి చూచితిమి. ఒత్తు లేకపోలేదు, అది వెండ్రుకలో సగమంతటి గీత యగుటచే బంగారు రేకు దానికి అంటుకొనలేదు. అమ్మమ్మగారు మరి నాలుగు పంక్తులు తడుముకొని చూచి, కార్డును మా చేతిలో బెట్టి, "నా కళ్ళు పోయినట్టున్నాయి. నువ్వే చదివి పెట్టు" అనినది.

ఆ మాట మాకు ముల్లువలె నాటినది. ఆమె కన్నులు పోలేదు. ఆ సాయంకాలమే తన పాత భాగవతమును ఎప్పటివలె చదువుకొనినది. లోపము మేము కోరి తెచ్చిన యక్షరములయందున్నది. చదువ నేర్చిన పెద్దామె, తన మునిమనుమరాలి పెండ్లిపిలుపును ఇంకొకరిచే చదివించుకొనవలసిన దయ్యెను. అందులకు కారకులము మేమే. నాటినుండి యీ లావుగీత సన్నగీతల కథ యేమో తెలిసికొనవలెనని పట్టుదల కలిగినది. చదివినదియు, చూచినదియు సోదరీమణుల ముందుంచుచున్నాము.

ఈ సొగసు ఎక్కడిది?

ఇంగ్లీషు అచ్చక్షరములలో గొన్నిటికి గీత ముగియుచోట చిన్న పాదము వంటి యడ్డుగీత యుండును. దానిని సెరిఫ్ అందురు. అట్టి యక్షరములలో లావుగీతకును సన్నగీతకును భేదము మిక్కిలి హెచ్చుగా నున్న జాతి యొకటి కలదు. నగల దుకాణముల పేర్లు, పట్టుచీరల ప్రకటనలు, అత్తరుబుడ్ల చీటీలు, శుభలేఖల శీర్షికలు చూచినచో అవి మీకు వెంటనే కనబడును. మన స్త్రీలకు ఈ సొగసు తెలియనిది కాదు. కాటుకగీతను జ్ఞాపకము చేసికొనుడు. కంటి నడుమ నిండుగా నుండి, కొనకు బోవుకొలది సన్ననై తేలిపోయినప్పుడే దానికందము. అంతటను నొకే లావుగా దిద్దినచో కంటికి కంచె గట్టినట్లుండును.

ఈ పద్ధతికి దారి దీసినవాడు ఇంగ్లాండులోని బర్మింగుహాము నగరవాసి జాన్ బాస్కర్‌విల్. అతడు తొలుత దస్తూరి నేర్పిన పంతులు; రాతిపై నక్షరములు చెక్కినవాడు; పిమ్మట లక్కపూత సామానుల వర్తకమున ధనము గడించినవాడు. కలము మొనను నొక్కిన గీత లావగును, తేల్చిన సన్నగిల్లును. చేతివ్రాతలోని యా వయ్యారమును సీసపుటక్షరములలోనికి దేవలెనని యతని కోరిక. కాని కాగితము గరుకుగా నున్నచో సన్నగీత నిలువదు. సిరా పలుచనైనచో ప్రాకిపోవును. అందుచే నతడు అక్షరములతోపాటు కాగితమును, సిరాను, ఒత్తు విధమును గూడ మార్చెను. నునుపైన క్రొత్తరకపు కాగితము వాడెను. అచ్చైన పుటలను కాగిన లోహపు పలకల నడుమ నొత్తించి మెరుగు దెచ్చెను. అతని తొలి గ్రంథము, లాటిను కవి వర్జిల్ కావ్యములు, 1757లో వెలువడినది.

ఆ యక్షరములపై అప్పుడే యాక్షేపణలు పుట్టినవి. అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, తానును అచ్చుపని చేసినవాడే, 1760 ప్రాంతమున బాస్కర్‌విల్‌కు ఒక జాబు వ్రాసెను. ఒక పెద్దమనిషి, బాస్కర్‌విల్ అక్షరముల సన్నగీతలు చదువరుల కన్నులు పోగొట్టునని వాదించెనట. ఫ్రాంక్లిన్ పిదప నొకనాడు కాస్లన్ అను వేరొకని యక్షరముల మచ్చుకాగితమును దెచ్చి, పేరున్న భాగమును చింపివేసి, ఇవే బాస్కర్‌విల్ అక్షరములని చూపెను. ఆ పెద్దమనిషి దానిలోను అవే తప్పులు పట్టెనట! ఈ కథ చదివి మేము నవ్వుకొంటిమి. కాని పిదప వేరొక యాలోచన గలిగినది. ఆ పెద్దమనిషి పేరు చూచి నిందించినాడు. మా అమ్మమ్మగారికి పేరుతో బనిలేదు. ఆమె ధకారపు ఒత్తుకొరకు వెదకినది. ఈ రెండు ఫిర్యాదులును ఒకటి కావు.

బాస్కర్‌విల్ 1775లో మరణించెను. అతని భార్య సారా ఈవ్స్ కొంతకాలము ఆ పనిని నడిపి, 1779లో అక్షరముల యచ్చులను ఫ్రెంచి రచయితయగు బోమార్షేకు విక్రయించినది. 1996లో అమెరికాయందలి జుజానా లిచ్కో అను అక్షరశిల్పిని, బాస్కర్‌విల్ అక్షరముల ననుసరించి తాను చేసిన యక్షరములకు 'మిసెస్ ఈవ్స్' అని యామె పేరే పెట్టినది.

ఈ సొగసు శిఖరమునకు జేరినది ఫ్రాన్సు, ఇటలీ దేశములందు. పారిసు నగరమున ఫిర్మిన్ డిడో 1784 ప్రాంతమున సన్నగీతను దాదాపు దారమంత పలుచగా జేసెను. ఇటలీయందలి పార్మా సంస్థానపు ముద్రణాలయమునకు 1768 నుండి అధికారిగా నున్న జాంబత్తిస్తా బొడోని అదే పద్ధతిని గంభీరముగా తీర్చెను. పుట చుట్టును విశాలమైన తెల్లని జాగా, నడుమ కొద్దిపాటి పంక్తులు. ఇది యతని రీతి. అతడు 1813లో గతించెను. అతడు జీవితమంతయు కూర్చిన యక్షరముల మచ్చుగ్రంథము అప్పటికి వెలుగు చూడలేదు. అతని భార్య మార్గెరీటా దల్లాల్యో ఆ పని నెత్తుకొని, 1818లో 'మాన్యువాలే తిపోగ్రాఫికో' అను పేర రెండు సంపుటములుగా ముద్రింపించినది. నేడు లోకము బొడోనిని కొనియాడుటకు ఆ వితంతువు శ్రమయు నొక కారణమని మరువరాదు.

ఇరువదవ శతాబ్దమున ఈ యక్షరములకు స్త్రీల పత్రికలు పుట్టినిల్లైనవి. 1867లో నారంభమైన 'హార్పర్స్ బజార్', 1892లో నారంభమైన 'వోగ్' అను అమెరికా పత్రికలు వానిని తమ పేళ్ళకును, శీర్షికలకును వాడి, వానికి నాగరికస్త్రీల వేషభూషలతో సంబంధము గల్పించినవి. హార్పర్స్ బజార్ పుటలను 1934 నుండి 1958 వరకు తీర్చిన అలెక్సీ బ్రోడొవిచ్, పెద్ద తెల్లని జాగాలో సన్నగీతల యక్షరములను నిలుపుటలో బ్రసిద్ధుడు. ఆ పత్రికకే 1990 ప్రాంతమున జొనాథన్ హోఫ్లర్ అను శిల్పి డిడో అక్షరములను కంప్యూటరునకు క్రొత్తగా తీర్చెను. అప్పు డతడు ఒకే రూపమును చిన్నది పెద్దది చేసి యూరకుండలేదు. ఏడు వేర్వేరు పరిమాణములకు ఏడు విధములుగా గీసెను. చిన్న యక్షరములలో సన్నగీతను కొంచెము లావు చేసెను. పెద్దవానిలో పలుచన చేసెను. పూర్వము సీసపుటక్షరములకు ప్రతి పరిమాణమునకును వేరుగా ఉక్కుపోగరలు చెక్కిన శిల్పులును ఇట్లే చేసిరి.

ఈ సంగతి తెలియగనే మా శుభలేఖలో జరిగిన పొరపాటు మాకు సగము బోధపడినది. తెరపై అరచేయంత యక్షరమును జూచి మురిసితిమి. దానినే గోరంత చేసి కార్డుపై నొత్తించితిమి. అక్షరముతోపాటు సన్నగీతయు గోరంతలో వెండ్రుకవాసి యైపోయినది.

మన అక్షరముల దారి

మిగిలిన సగము తెలియుటకు మన లిపివైపు తిరుగవలసి వచ్చినది. ఆ చరిత్రయు మన కృష్ణాతీరముననే యున్నది. భట్టిప్రోలు స్తూపమున అలెగ్జాండరు రీ 1892లో వెలికి దీసిన ధాతుకరండములపై గల అక్షరములు క్రీస్తుపూర్వపువి. అందు గీత యంతయు నొకే తీరున నడచును. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని కాలమునాటి జగ్గయ్యపేట స్తూపశాసనములకు వచ్చుసరికి, నిలువుగీతలు పొడవుగా సాగి, సొగసుగా వంపులు తిరిగినవి. పదుగురి కంటబడుచోట అక్షరమును అలంకరింపవలెననుట పరదేశములనుండి మనము తెచ్చుకొన్న బుద్ధి కాదన్నమాట.

ఇంకొక విశేషము. బ్రాహ్మీనుండి దిగివచ్చిన లిపులయందు, గీత మొదలుపెట్టుచోట తలపై చిన్న ముడి యొకటి యేర్పడినది. లిపిశాస్త్రజ్ఞులు దానినిగూడ సెరిఫ్ అనియే వ్యవహరింతురు. ఆ ముడియే శతాబ్దముల పర్యంతము మారిమారి మన తలకట్టైనది. కాని వారి సెరిఫ్‌కును మన తలకట్టుకును పెద్ద భేదము గలదు. ఇంగ్లీషు అక్షరమునకు సెరిఫ్ తీసివేసినను అక్షరము అక్షరముగనే యుండును. తలకట్టు గల మన యక్షరములో అది యున్నచో అకారము పలుకును. దానిచోట గుడి వచ్చిన ఇకారము, ఏత్వము వచ్చిన ఏకారము పలుకును. కావున వారికది నగ, మనకది మంగళసూత్రము. నగను అవసరమునుబట్టి తీసి పెట్టవచ్చును.

మన విజయవాడలోనే ఇంద్రకీలాద్రిపై మల్లేశ్వరస్వామి యాలయమున యుద్ధమల్లుని శాసనము దొరికినది. పదవ శతాబ్దమునాటి దందురు. మధ్యాక్కర పద్యములలో నున్నది. నన్నయభట్టారకునికి పూర్వమే తెలుగు పద్యము ఇచ్చట రాతి కెక్కినదనుటకు అది సాక్ష్యము. ఉలితో చెక్కిన గీతకు లావుసన్నముల వయ్యారము లేదు. వేయియేండ్లు నిలుచు బలము కలదు. తాటాకుపై గంటముతో వ్రాసినప్పుడును అంతే. గంటము ఆకుపై నొకే తీరుగ గీరుకొనిపోవును; పిదప మసి రాచినచో గీత నల్లగా దేలును. లావు, సన్నము అను భేదమునకు అందు చోటు లేదు. బియ్యముపై వ్రేలితో దిద్దిన అక్షరములును అట్టివే గదా!

ఆ భేదము మన యచ్చులోనికి సీసముతో వచ్చినది. బెంజమిన్ షుల్జ్ అను మతబోధకుడు 1746 ప్రాంతమున జర్మనీయందలి హాలె నగరమున తెలుగు పుస్తకముల నచ్చొత్తించెను. 1814లో శ్రీరామపురమున కేరీ తెలుగు వ్యాకరణము వెలువడినది. 1852లో బ్రౌనుదొరగారి నిఘంటువు మద్రాసున నచ్చయినది. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు నెలకొల్పిన ముద్రణాలయము మన పురాణములను, ప్రబంధములను ఇంటింటికి జేర్చినది. అట్టి పాతపుస్తకములను దెరచి చూచితిమి. వానిలోను లావుగీత, సన్నగీత రెండును గలవు. కాని భేదము మితముగా నున్నది. ఎంత చిన్న యక్షరమైనను ఒత్తు ఒత్తుగా, సున్న సున్నగా గనబడును. అమ్మమ్మగారి భాగవతము అట్టి యక్షరములలోనిది.

చిక్కు ఎచ్చట?

ఇంగ్లీషులో నున్న అక్షరములు ఇరువదియారు. నిలువుగీతలు హెచ్చు, వానిని లావు చేసి, అడ్డగీతలను సన్నము చేసినను రూపము చెడదు. మన యక్షరములు గుండ్రనివి, నిలువుగీతలు కొద్ది. వలయమునకు ప్రక్కలు లావుచేసి పైన, క్రింద సన్నముచేసిన నేమగును? పైని తలకట్టును, క్రింద ఒత్తును వచ్చి తగులుకొనునవి సరిగా ఆ సన్నని చోటులే. బరువంతయు నున్నచోట బలము లేకపోవును.

పైగా మన లిపిలో ఒక్కొక చిన్నగీత ఒక్కొక ధ్వనిని మోయుచున్నది. ద–ధ, డ–ఢ, ప–ఫ, చ–ఛ జంటలలో అల్పప్రాణ మహాప్రాణములకు భేదము అడుగునగల చిన్న ఒత్తొక్కటే. షకారము కడుపులోని గీత చెరిగినచో పకారము మిగులును. ముహూర్తమునందలి 'పుష్యమి' నక్షత్రము 'పుప్యమి' యగును. ఠకారములోని చుక్క పోయినచో రకారమగును; 'కంఠము' 'కంరము'గా మారును. వకార పకారములకు భేదము తలకట్టు అంటియుండుటలోను, విడియుండుటలోను గలదు. పెద్ద యక్షరమైనచో నీ గీత లెంత సన్ననైనను కంటికి గనబడును. చిన్న యక్షరములో నవి పోయినచో సొగసే కాదు, మాటయే పోవును. మా శుభలేఖలో వధువు 'వదువు' అగుట ఇందువలననే.

అచ్చుపద్ధతియు దీనికి దోడైనది. బంగారు రేకు నొత్తునప్పుడు మరీ సన్నని గీతకు రేకు అంటదు; దగ్గరదగ్గరగా నున్న గీతల నడుమ నిండి పూడ్చివేయనుగూడ వచ్చును. స్క్రీను అచ్చులో వలకన్నుల నడుమ సన్నగీత తెగిపోవును. ముదురురంగుపై తెల్లని యక్షరములు విడిచినచో చుట్టునున్న సిరా లోపలికి బ్రాకి సన్నగీతను మ్రింగును. నాలుగురంగుల చుక్కలు కలిపి యొక వన్నె తెచ్చునప్పుడు ఆ చుక్కలలో గీత చిక్కి రంపపుపండ్లవలె నగును. ఇవేవియు కంప్యూటరు తెరపై కనబడవు.

ఈ సందేహములతోనే యొకపరి పెడనకు బోయితిమి. మచిలీపట్టణపు కలంకారీ యద్దకమునకు పెడన పెట్టినది పేరు. ఆ యద్దకమునకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. అచట అద్దకపు అచ్చులను టేకుచెక్కపై చెక్కుదురు. కరక్కాయతో నానబెట్టిన బట్టపై ముందుగా రేఖల యచ్చు నొత్తి, పిదప రంగులకు వేరువేరు అచ్చు లొత్తుదురు. నల్లరేఖకు ఇనుపముక్కలు, బెల్లము ఊరబెట్టిన నీటిని వాడుదురు. ఒక పెద్దాయన లతల యచ్చు చెక్కుచుండెను. "ఇంత సన్నని తీగ వేల పర్యాయములు ఒత్తినను విరుగదా తాతగారూ?" అని యడిగితిమి. ఆయన యచ్చును ప్రక్కకు వంచి చూపెను. తీగ పైకొన సన్ననిదే. కాని మొదలు గోడవలె విశాలముగా నుండి, ఏటవాలుగా నెక్కి కొనకు వచ్చుసరికి సన్నగిల్లినది. "పైకి సన్నగా కనపడాలమ్మా, అడుగున మాత్రం బలం ఉండాలి. లేకపోతే పదోసారికి పూవొకచోట, తీగొకచోట" అనెను. అచ్చుశాస్త్రమంతయు ఆ మాటలో నిమిడియున్నదని మాకు దోచినది.

నేటి అక్షరములు, ఎన్నుకొను విధము

1991లో యూనికోడు అను సార్వత్రిక సంకేతపద్ధతిలో తెలుగునకు స్థానము గలిగిన తరువాత, మన యక్షరరూపములు, అనగా ఖతులు, క్రమక్రమముగా హెచ్చినవి. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు 'పోతన', 'వేమన' అను రెండు ఖతులను ఉచితముగా లోకమునకిచ్చిరి. పోతనలో లావుసన్నముల మేళనము గలదు. వేమనలో గీత యించుమించు సమముగా నడచును. పద్యముల తీరును బట్టియే పేళ్ళు పెట్టినట్లున్నది! పిమ్మట సిలికానాంధ్ర సంస్థ పక్షమున గుత్తుల పురుషోత్తకుమారుగారు మొదలగువారు తీర్చిన ఖతులు ఉచితముగా వెలువడినవి. వానికి సూరన్న, రామరాజ, పెద్దన, ధూర్జటి యని కవుల పేళ్ళును, గిడుగు, గురజాడ యని భాషాసేవకుల పేళ్ళును పెట్టిరి. మన కృష్ణాజిల్లావారును, 1975 నాటి తొలి ప్రపంచ తెలుగు మహాసభలకు సారథులునగు మండలి వెంకటకృష్ణారావుగారి పేరను ఒకటి కలదు. వీనిలో రామరాజ వంటివి శీర్షికలకును, గోడపత్రికలకును, ఆహ్వానములకును ఉద్దేశింపబడినవి. పుటలు పుటలుగా చదువుటకు గాదు. గూగుల్ సంస్థ యిచ్చు నోటో ఖతులలోను తెలుగునకు లావుసన్నముల రూప మొకటి, సమరేఖల రూప మొకటి వేరువేరుగా గలవు.

చేతివ్రాతలోని లావుసన్నముల వయ్యారమును అచ్చులోనికి దెచ్చుటలో బాపుగారిని మరువ వీలులేదు. నరసాపురమున 1933లో జన్మించి 2014లో గతించిన యా చిత్రకారుని దస్తూరి ననుసరించి చేసిన యక్షరములు నేటి మన శుభలేఖలలో నెన్నిటనో కనబడును. ఆ గీత యెంత చమత్కారముగా తిరిగినను అక్షరము నక్షరముగా నుంచును.

పెండ్లిండ్లు తలపెట్టిన సోదరీమణులకు మేము నేర్చుకొన్న నాలుగు మాటలు చెప్పెదము.

అక్షరమును తెరపై జూచి నిశ్చయింపకుడు. మీరు కోరిన కాగితముపై, కోరిన రంగుతో, కోరిన పరిమాణమున నొక్క ప్రతి నొత్తించి చూడుడు.

సొగసైన సన్నగీతల యక్షరములను వధూవరుల పేళ్ళకును, 'శుభలేఖ' అను శీర్షికకును మాత్రము వాడుడు. అచ్చుపనివారు పరిమాణమును పాయింట్లలో గొలుతురు. అంగుళమునకు డెబ్బదిరెండు పాయింట్లు. పేళ్ళు ముప్పదియారు పాయింట్లకు, అనగా అర అంగుళమునకు, తక్కువ గాకుండిన మేలు. ముహూర్తము, విడిది, చిరునామా, బంధువుల పేళ్ళు భేదము తక్కువగా నున్న యక్షరములలో పదునాలుగు పాయింట్లకు తగ్గకుండ వేయింపుడు. గుడులకు పైన, ఒత్తులకు క్రింద చోటు విడువవలసి యుండుటచే తెలుగక్షరము అదే పాయింటున ఇంగ్లీషు దానికంటె చిన్నదిగా గనబడునని గుర్తుంచుకొనుడు. పంక్తుల నడుమ జాగాయు ధారాళముగా నుండవలెను. లేనిచో పైపంక్తి ఒత్తులు క్రిందిపంక్తి గుడులతో గొట్లాడును.

బంగారు రేకు కావలెనన్న పెద్ద యక్షరములకే పరిమితము చేయుడు. చదువవలసిన భాగమునకు కుంకుమరంగో, ముదురు ఆకుపచ్చయో, ఒక్కరంగు నిండుసిరా చాలును.

కడపటిది, ముఖ్యమైనది: మచ్చుప్రతిని ఇంటిలో నందరికంటె పెద్దవారి చేతి కిచ్చి, సాయంకాలపు దీపపు వెలుతురున చదువుమనుడు. ధ, భ, ష, ఠ లను వారు తడబడక పలికినచో నిశ్చింతగా నచ్చొత్తింపవచ్చును.

మా సంగతి చెప్పి ముగించెదము. అచ్చుకూటమువారు తెరపై బాగుగనే యున్నదనిరి. అది నిజమే గనుక వాదింపలేదు. తిరిగి యచ్చొత్తించు ఖర్చు మేమే భరించితిమి. రెండవసారి వధూవరుల పేళ్ళు మాత్రము ఆ వయ్యారపు టక్షరములలోనే, కార్డు నడుమ, చుట్టును తెల్లని జాగా విడిచి, పెద్దవిగా వేయించితిమి. తక్కినదంతయు నిండైన కుంకుమరంగు అక్షరములు. నిజము చెప్పవలెనన్న, సన్నగీత యందము మాకు మొదటిసారికంటె రెండవసారియే యెక్కువగా గనబడినది. పదిమాటలలో నలిగిపోయిన సొగసు రెండు పేళ్ళలో నిలువబడి ఊపిరి పీల్చుకొనినది.

అమ్మమ్మగారు కంటద్దములు సవరించుకొని, మొదటినుండి చివరివరకు గట్టిగా చదివినది. 'వధువు' వద్ద ధకారమును ఒత్తి పలికి మా వంక జూచినది. పిదప ముహూర్తముకడ ఆగి, "తెల్లవారుజామున నాలుగింటికా! ఈ చలిలో ముసలాళ్ళు ఎట్లా వస్తారని పెట్టారే?" అని కోపగించినది. మాకా కోపము దీవెనవలె నుండెను. మొదటి కార్డును చేతబట్టినప్పుడు ఆమెకు కోపించు వీలైనను లేకపోయెను గదా!